ఎంత పెట్టమంటరు సార్

సంస్కృతి అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట మీద ఏళ్ల తరబడి కూర్చుని లావుపాటి థీసిస్ రాసి, దాని పుణ్యాన పేరు ముందు డాక్టర్ అని తగిలించుకుని, అదే యూనివర్సిటీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పుకు బతుకుతున్నదాన్ని ఇలా అనకూడదేమో. అయినా మండుతుంది. ఎవరైనా సభలో మైకు పట్టుకుని "మన సంస్కృతిలో పెద్దలకు ఎదురు చెప్పం" అనగానే లేచి బయటికి వచ్చేస్తాను. నాకు షుగరేమోనని మా డిపార్ట్‌మెంటులో అనుకుంటారు. అనుకోనీ.

నా పరిశోధన ఏమిటో ముందు చెప్పాలి. ఏ ఫ్యాక్టరీలోనైనా రెండు రకాల లెక్కలుంటాయి. ఒకటి పన్నువాళ్లకూ బ్యాంకువాళ్లకూ చూపించేది. రెండోది లోపలి మనుషుల కోసం. ఒక వస్తువు చేయడానికి ఎంత ఖర్చవుతోంది, చేసినవాటిలో ఎన్ని పాడవుతున్నాయి, ఏది పెంచాలి, ఏది మానుకోవాలి అని యజమాని తెలుసుకోవడానికి నెలనెలా తయారు చేసే రిపోర్టు అది. దేశాన్ని బట్టి, అక్కడి మనుషుల తీరును బట్టి ఈ రెండో లెక్క ఎలా మారుతుందన్నది నా విషయం. దాన్ని నేను ఎంచుకోలేదు. మా గైడ్ గారు ఎంచి నా చేతిలో పెట్టారు.

విదేశాల్లో ఎవరో పెద్దలు దేశాలకు మార్కులు వేసే పద్ధతి ఒకటి కనిపెట్టారు. అందులో 'అధికార దూరం' అని ఒక కొలత ఉంది. కిందివాడు పైవాడి ముందు ఎంత ఒదిగి ఉంటాడో చెప్పే కొలత. మనకు మార్కులు బాగానే పడ్డాయి. "ఇందులో మనం డిస్టింక్షన్ అమ్మా," అని గైడ్ గారు నవ్వారు. ఆయన నవ్వారు కనక నేనూ నవ్వాను.

తార్నాక అవతల పారిశ్రామికవాడలో పంపులు తయారు చేసే ఒక ఫ్యాక్టరీ ఉండేది. ఇనుము కరిగించి పోత పోసి పంపు బాడీలు చేసేవాళ్లు. దాని యజమాని, అందరూ ఎండీ గారు అనే మనిషి, మా గైడ్ గారి పాత శిష్యుడు. గైడ్ గారు ఒక్క ఫోన్ చేస్తే గేటు తెరుచుకుంది. మా ఇల్లు తార్నాకలోనే, నాన్న రైల్వేలో చేస్తున్నప్పుడు కట్టుకున్నది. పొద్దున్నే చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కితే ఫ్యాక్టరీ సైరన్ మోగేలోపు అక్కడ ఉండేదాన్ని.

నన్ను స్టోర్స్ పైనున్న ఖర్చుల విభాగంలో కూర్చోబెట్టారు. అక్కడ కాస్ట్ ఆఫీసర్ ఒకామె. నలభై దాటిన మనిషి. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, వారాసిగూడలో అద్దె ఇల్లు. టేబులు అద్దం కింద బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు, పక్కన కొడుకు ఇంటర్ ఫోటో. భర్త పని ఉన్నప్పుడు చేస్తాడు, లేనప్పుడు లేదు. ఇంటికి నమ్మకంగా వచ్చేది ఆమె జీతమొక్కటే. మొదటి వారం నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. రెండో వారం నా టిఫిన్ డబ్బాలో గోంగూర చూసి, "గిది మీ దిక్కు చేసినట్టున్నది మేడం, జర ఇటు పెట్టు," అంది. ఆ రోజు నుంచి నేను ఆమెను అక్కా అన్నాను, ఆమె నన్ను చెల్లె అంది.

నెలాఖరు దాటగానే నేను చూసిన పని ఒకటుంది. నా చదువులో ఏ పుస్తకంలోనూ లేదది. పోత పోసిన బాడీల్లో ఎన్ని పాడయ్యాయో షెడ్డు నుంచి అక్కకు కబురు వచ్చేది. లోపల గాలి చిక్కుకుని బొక్కలు పడేవి, అంచులు విరిగేవి. రిపోర్టులో ఆ వరుస దగ్గరికి రాగానే అక్క చేతిలో పెన్ను పక్కన పెట్టి, తయారీ పనంతా చూసే ప్లాంట్ హెడ్‌కు ఫోన్ చేసేది.

"సార్, ఈ నెల రిజెక్షన్ ఎంత పెట్టమంటరు సార్?"

ఎంత అయ్యింది అని ఎవరూ అడగరు. అదిద్దరికీ తెలుసు. ఎంత పెట్టాలన్నదే ప్రశ్న. అవతల ఆయన కాసేపు ఆలోచించి ఒక అంకె చెప్పేవాడు. నిజం కంటే బాగా తక్కువ, కానీ పోయిన నెల అంకెకు మరీ దూరం కాకుండా, లేకపోతే ఎండీకి అనుమానం వస్తుంది. మిగిలిన పాడు సరుకంతా 'రిపేరులో ఉన్నవి' అన్న వరుసలోకి పోయేది. రిపేరులో ఉంటే అది ఇంకా మంచి సరుకు కిందే లెక్క. ఆ లెక్క చూసుకుని ఎండీ కొత్త ఆర్డర్లకు ధర చెప్పేవాడు. ఆర్డర్లు వచ్చేవి, లాభం మిగిలేది కాదు. ఎందుకు మిగలట్లేదో తెలుసుకోవడానికి ఆయన ప్రతి నెలా మీటింగు పెట్టి అందరినీ తిట్టేవాడు. తిట్ల భయానికి మరుసటి నెల అంకె ఇంకాస్త అందంగా తయారయ్యేది.

ఈ రిపేరు సరుకు ఎక్కడుందో చూపించమని అక్కను అడిగాను. షెడ్డు వెనక్కి తీసుకెళ్లింది. తుప్పు పట్టిన పంపు బాడీలు నా తల ఎత్తున గుట్టగా పోసి ఉన్నాయి. ఆ గుట్ట అడుగున ఏముందో ఎవరికీ తెలియదు. దాన్ని రిపేరు చేసే మనిషి ఎవరూ ఆ ఫ్యాక్టరీలో లేరు.

దసరాకు ఆయుధ పూజ చేశారు. ఎండీ గారు కుటుంబంతో వస్తున్నారని ఆవరణంతా కడిగి, వెనక గోడకు సున్నం వేయించారు. సున్నం కోసం గుట్టను క్రేనుతో ముందుకు జరిపి, కనపడకుండా కొత్త నీలం టార్పాలిన్ కప్పారు. తిరిగి వెనక్కి పెట్టే తీరిక ఎవరికీ దొరకలేదు. పూజ చేయించడానికి వచ్చినాయన కొత్తవాడు. అంత శుభ్రంగా కప్పి ముందు పెట్టారంటే బయటికి పంపబోయే సరుకే అనుకున్నాడు పాపం. టార్పాలిన్ మీద పసుపు రాశాడు, బొట్లు పెట్టాడు, బంతిపూల దండ వేశాడు. ఎండీ గారిని పిలిచి హారతి ఇప్పించాడు. ఎండీ గారు చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని, ఆ తుక్కు గుట్టకు దండం పెట్టాడు. ఆయన పెట్టాడు కనక ప్లాంట్ హెడ్ పెట్టాడు. ప్లాంట్ హెడ్ పెట్టాడు కనక అందరూ పెట్టారు. నేనూ పెట్టాను.

గుమ్మడికాయ కొట్టాక ఎండీ గారు గుట్ట వైపు చూసి, "ఇదంతా ఎప్పుడు పంపిస్తున్నరు?" అని అడిగాడు.

"పండుగ కాంగనె సార్," అన్నాడు ప్లాంట్ హెడ్, తడుముకోకుండా.

వెనక వరుసలో ఎవరో దగ్గారు. క్యాంటీన్ ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. తర్వాత పులిహోర పంచారు, బాగుంది. ఆ రోజు నేను ఇంటికొచ్చి నవ్వుకుంటూ అమ్మకు చెప్పాను. అమ్మ నవ్వలేదు. "అంతమందిలో ఒక్కళ్లకీ నోరు లేదా?" అంది.

అదే ప్రశ్న నేను అక్కను అడిగాను. పండుగ తర్వాత ఓ సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి ఇద్దరం కలిసి వచ్చి తార్నాకలో దిగి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. పరిశోధనలో రాసుకుంటానని ముందే చెప్పాను. "రాసుకో గని నా పేరు ఉండొద్దు చెల్లె. ఈ నౌకరి నాకు కావాలె," అంది. పేరు ఉండదని మాటిచ్చాను. ఫ్యాక్టరీ పేరు కూడా ఉండదన్నాను. మా గైడ్ గారు తప్ప చదివేవాళ్లు ఎవరూ ఉండరని కూడా అన్నాను, ఎందుకంటే థీసిస్‌లు ఎవరూ చదవరని నా నమ్మకం.

మన సంస్కృతిలో పెద్దవాళ్లకు చెడు వార్త చెప్పకపోవడం వల్లే ఇలా జరుగుతోందా అక్కా, అని అడిగాను. ఆ ప్రశ్న నా ప్రశ్నల వరుసలో ఉన్నదే. అక్క చాయ్ కప్పు కింద పెట్టింది.

"ఏం సంస్కృతి చెల్లె? మా వాడకట్టుల పెండ్లయితే కూరల ఉప్పు లేదని పిల్లతండ్రి మొఖం మీదనే చెప్తరు. పాస్టరు గారి ప్రసంగం పొడుగైందనుకో, ఆయన ముందటనే అంటరు. మా ప్లాంట్ హెడ్ సార్ ఉన్నడు కద, అపార్ట్‌మెంట్ మీటింగుల ప్రెసిడెంటుని కాలర్ పట్టుకున్నడట. గదే మనిషి గీడ నోరు తెరువడు. గీడ ఎందుకు తెరువడు? నిజం చెప్పినోళ్లు మా కాడ ముగ్గురుండిరి. ముగ్గురి నౌకర్లు పోయినయి. గిది చూసినంక ఎవడు చెప్తడు? మీదున్న మనిషిని ఒక్కసారి, ఒక్కసారి చెడ్డ మాట ఇని లొల్లి చెయ్యకుండ కూసోమను. అప్పుడు చూడు మన సంస్కృతి ఏమంటదో."

నేను గబగబా రాసుకున్నాను. విదేశీ కొలత మొత్తాన్ని వారాసిగూడ పెళ్లి కూరతో తిప్పికొట్టిన మాట అది. నా థీసిస్‌కు ప్రాణం దొరికిందనుకున్నాను.

ఆ అధ్యాయం రాసి గైడ్ గారికిచ్చాను. పేర్లు లేవు. 'ఒక ఉద్యోగి' అని రాశాను. ఫోన్ సంగతి, గుట్ట సంగతి, పెళ్లి కూర మాట అన్నీ రాశాను. ఆయన చదివి మెచ్చుకున్నారు. "సెమినార్‌లో ప్రెజెంట్ చేద్దాం అమ్మా," అన్నారు. సంతోషించాను. అప్పుడు ఆయన నా ముందే ఫోన్ తీసి, ఎండీ గారిని చీఫ్ గెస్టుగా పిలిచారు.

ఫోన్ పెట్టేశాక, "చాప్టర్ కూడా ఆయనకు ముందే పంపించాను. వాళ్ల ఫ్యాక్టరీ మీద రాశాం, ముందు చూపించకపోతే బాగుండదు. మర్యాద," అన్నారు.

"సార్, అందులో ఒకళ్లు నమ్మి చెప్పిన మాటలున్నాయండి," అన్నాను.

"పేరు రాయలేదుగా?"

"పేరు లేదండి. కానీ ఆ ఫోన్ చేసేది ఆవిడొక్కతే."

"ఏం కాదమ్మా. మనవాడే," అన్నారు. ఆయన దృష్టిలో అక్కడితో ఆ సంగతి అయిపోయింది. యజమానికి ముందు చూపించడం మర్యాదట. చెప్పిన మనిషిని అడగడం మర్యాద అని ఆ పెద్దమనిషికి తట్టలేదు, ఈ రోజుకీ తట్టి ఉండదు.

అక్కకు ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "సరే మేడం," అంది. చెల్లె అనలేదు.

సెమినార్ రోజు క్యాంపస్‌లో మా హాలు నిండింది. ఎండీ గారికి శాలువా, పూలగుత్తి, జ్ఞాపిక. ఆయన మాట్లాడుతూ, "మా కంపెనీలో నా తలుపు అందరికీ తెరిచే ఉంటది. ఎవరైనా వచ్చి ఏదైనా చెప్పొచ్చు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తుక్కు గుట్టకు దండం పెట్టిన సంగతి తనే చెప్పి తనే నవ్వాడు. చాలా మంచివాడని, ఎంత సరదా మనిషో అని మా డిపార్ట్‌మెంటువాళ్లు భోజనాల దగ్గర అనుకున్నారు. నేను పక్కకెళ్లి మెట్ల మీద కూర్చున్నాను.

ఆ మర్నాడే అక్కను ఖర్చుల విభాగం నుంచి తీసేశారు. ఊరవతల గోడౌనుకు వేశారు. అక్కడికి సరైన బస్సు లేదు, వెళ్తే చేసే పని లేదు. ఎండీ గారు చెప్పిన కారణం విన్నాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ తనకు తప్పు లెక్క ఇచ్చింది ఖర్చుల విభాగమేనట. రిపోర్టు కింద సంతకం ఆమెదే కదా. అంకెలు చెప్పిన ప్లాంట్ హెడ్ అదే కుర్చీలో ఉన్నాడు, గుట్టను కరిగించే పని దగ్గరుండి చేయించి శభాష్ అనిపించుకున్నాడు కూడా. గోడౌనుకు తిరగలేక కొన్నాళ్లకు అక్క రాజీనామా రాసిచ్చింది. నా ఫోన్ ఎత్తలేదు. వారాసిగూడ ఇంటికి వెళ్తే భర్త గుమ్మంలోనే నిలబెట్టి, "ఆమె లేదు మేడం," అన్నాడు. లోపల కుక్కర్ కూత వినపడుతూనే ఉంది.

గైడ్ గారి దగ్గరికి వెళ్లాను. ఎండీతో ఒక్క మాట చెప్పమన్నాను. "అది వాళ్ల ఇంటర్నల్ మ్యాటర్ అమ్మా, మనం తలదూర్చకూడదు," అన్నారు. ఒక్క ఫోన్‌తో గేటు తెరిపించిన మనిషి. అంతటితో ఆగలేదు. ఎండీ గారు మనసు కష్టపెట్టుకున్నారని, ఆ అధ్యాయంలో ఫోన్, గుట్ట, పెళ్లి కూర తీసేసి పట్టికలు పెట్టమని చెప్పారు. "ఎమోషనల్‌గా ఉంది. కల్చర్ ఫ్రేమ్‌వర్క్‌లోకి తీసుకురా," అన్నారు.

నేను కుదరదన్నాను. నా జన్మలో ఒక పెద్దమనిషి మొహం మీద ఆ మాట అనడం అదే మొదలు. ఆమె ఉద్యోగం పోయిందే ఆ మాటల వల్ల, కనీసం ఆ మాటలైనా ఉండాలన్నాను. ఆయన కోప్పడలేదు. థీసిస్ మీద సంతకం పెట్టలేదు, అంతే. డిపార్ట్‌మెంటు హెడ్ దగ్గరికి వెళ్తే గైడ్ చెప్పినట్టు వినమన్నారు. డీన్ ఆఫీసుకు కాళ్లరిగేలా తిరిగితే గైడ్ ద్వారా రమ్మన్నారు. నాతో చేరినవాళ్లు డిగ్రీలు తీసుకుని ఉద్యోగాలకు వెళ్లిపోయారు. అడిక్‌మెట్ గదుల్లో ఉండే జూనియర్లు కూడా నన్ను దాటిపోయారు. నాన్న రిటైరై ఇంట్లో కూర్చుని రోజూ పేపరు చదువుతూ, ఏమీ అడగకుండా నా వైపు చూసేవారు. చివరికి వాళ్లు చెప్పినట్టే చేసి ఇచ్చాను. అక్క మాటలున్న చోట ఇప్పుడు ఒక పట్టిక ఉంది, దాని కింద ఈ వాక్యం ఉంది: 'ప్రాంతీయ సాంస్కృతిక విలువల కారణంగా దిగువస్థాయి ఉద్యోగులలో సమాచారాన్ని మృదువుగా అందించే ధోరణి కనిపించింది.'

మృదువుగా అట. ఆ మాట గైడ్ గారిది. వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ వాక్యాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

మొన్న తార్నాక బస్టాపులో అక్క కనిపించింది. ముందు నేను గుర్తుపట్టలేదు, జుట్టు నెరిసింది. నల్లకుంటలో ఒక స్టీలు సామాను దుకాణంలో బిల్లింగ్ చేస్తోందట. కొడుకు చదువు మధ్యలో ఆపి డెలివరీ పనిలో చేరాడట. ఇదంతా మామూలుగానే చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

"డాక్టరైన్రట కద మేడం," అంది.

"అయ్యానక్కా."

"మంచిగైంది." చేతిలోని సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "నేను చెప్పిన మాట ఉన్నదా అండ్ల? ఆ పెండ్లి కూర మాట. మా ఆయనతోని చెప్పిన. నౌకరి పోతె పోయింది గని, నా మాట యూనివర్సిటీ పుస్తకంల ఉన్నదని చెప్పిన."

లేదు అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె మొహంలోకి చూశాను. ఆ మనిషికి మిగిలింది ఆ ఒక్క మాటే. దాన్ని కూడా నేను లాక్కోలేకపోయాను.

"ఉందక్కా," అన్నాను. "అక్కడక్కడా కాస్త మార్చాల్సి వచ్చింది. కానీ ఉంది."

ఆమె నా వైపు చూసింది. ఫోన్ చెవికి పెట్టుకుని ప్లాంట్ హెడ్ ఏ అంకె చెబుతాడా అని ఎదురుచూసేటప్పుడు ఆమె మొహం ఎలా ఉండేదో అలాగే ఉంది. ఏళ్ల తరబడి ఇలాంటి జవాబులు రిపోర్టులోకి ఎక్కించిన మనిషి.

"ఎంత పెట్టిన్రు మేడం?" అని అడిగింది.

ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చింది, సంచీ చంకలో పెట్టుకుని ఎక్కేసింది. నాకు ఆ రోజు పొద్దున మొదటి క్లాసు ఉంది. పాఠం అధికార దూరం. వెళ్లి చెప్పాను.